సన్‌స్క్రీన్: ఎండకు కవచం, రంగుకు మందు కాదు

వేసవి సమీపించగానే సోదరీమణులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఏ సన్‌స్క్రీన్ వాడితే ముఖం తెల్లబడుతుంది?" దీనికి జవాబు ఒక్కటే. ఏ సన్‌స్క్రీనూ ముఖాన్ని తెల్లబరచదు. అలా తెల్లబరుస్తున్నదంటే అందులో సన్‌స్క్రీన్ కానిదేదో కలిసి ఉన్నదని అనుమానించాలి. ఎండలోని హానికర కిరణాలు చర్మంలోకి దిగకుండా అడ్డుకోవడం వరకే దాని పని. రంగు తేవడం దాని పని కాదు.

ప్రశ్నలోని ఈ పొరపాటు వల్ల మన ఇళ్ళలో ఒక విచిత్రమైన పరిస్థితి ఏర్పడింది. రోజంతా నీడపట్టున ఉండే కాలేజీ అమ్మాయి బల్ల మీద సన్‌స్క్రీన్ ట్యూబు ఉంటుంది. అదే ఇంట్లో దాళ్వా కోతకు వెళ్ళే తల్లికి, రొయ్యల చెరువు గట్టున పగలంతా నిలబడే తండ్రికి, కొబ్బరి దింపుకు వెళ్ళే అన్నకు ఆ ట్యూబుతో తమకేదైనా పని ఉన్నదన్న ఆలోచనే రాదు. కవచం ఒకరి చేతిలో ఉంది, దెబ్బలు మరొకరి మీద పడుతున్నాయి. ఈ నెల ఈ విషయాన్నే కొంత వివరంగా తెలుసుకుందాం.

ఎండలో ఏమున్నది?

సూర్యుని నుంచి కంటికి కనిపించే వెలుగుతో పాటు కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాలు కూడా మనల్ని చేరుతాయి. వాటిలో రెండు రకాలను గుర్తుంచుకుంటే చాలు. యూవీబీ కిరణాలు చర్మం పై పొరను కమిలిస్తాయి, మండిస్తాయి. యూవీఏ కిరణాలు ఇంకా లోతుకు వెళ్ళి చర్మపు బిగువును సడలించి, ముడతలను, మచ్చలను తెస్తాయి. యూవీబీని మామూలు గాజు చాలావరకు ఆపుతుంది, యూవీఏ మాత్రం గాజు గుండా లోపలికి వస్తుంది. కిటికీ పక్కన కూర్చుని కుట్టుమిషను తొక్కేవారికి, కారు నడిపేవారికి ఎండ తగిలే వైపు చెంప ఎక్కువగా నల్లబడటానికి కారణం ఇదే.

మన చర్మంలోని మెలనిన్ అనే రంగు పదార్థం కొంతమేరకు సహజ రక్షణనిస్తుంది. అందుచేత తెల్లజాతి వారిలో కనిపించినంతగా చర్మ క్యాన్సర్ మనలో కనిపించదు. అంతమాత్రాన ఎండ మనల్ని విడిచిపెట్టిందనుకోరాదు. మంగు మచ్చలు, అకాలపు ముడతలు, ఎండ తగలగానే వచ్చే దద్దుర్లు, కంటిలో శుక్లం, కంటి తెల్లగుడ్డు మీద పెరిగే కండ ఇవన్నీ ఎండతో సంబంధం ఉన్నవే. పుట్టుకతోనే మెలనిన్ లోపించినవారికి చర్మ క్యాన్సర్ ముప్పు కూడా చాలా ఎక్కువ. బొల్లి మచ్చలున్నవారు, లూపస్ వ్యాధి ఉన్నవారు, డాక్సీసైక్లిన్ వంటి కొన్ని మందులు వాడుతున్నవారు ఎండ విషయంలో మిగిలినవారికంటే మెలకువగా ఉండాలి.

నీడను కొలిచి చూడండి

ఎండ ఎప్పుడు హానికరమో తెలుసుకోవడానికి యంత్రం అవసరం లేదు. మీ నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉన్నంతసేపు అతినీలలోహిత కిరణాలు బలంగా ఉన్నట్లు లెక్క. నీడ మీకంటే పొడవుగా సాగినప్పుడు వాటి తీవ్రత తగ్గినట్లు. నమాజు వేళలను నీడతో లెక్కించడం తెలిసిన మనకు ఇది కొత్త పాఠమేమీ కాదు. సూర్యుడు నడినెత్తి నుంచి వాలగానే జుహ్ర్ వేళ మొదలవుతుంది. వస్తువు నీడ, నడి మధ్యాహ్నపు నీడను మినహాయించి, ఆ వస్తువంత పొడవు అయినప్పుడు అస్ర్ వేళ ప్రవేశిస్తుందని అత్యధిక ధర్మవేత్తల అభిప్రాయం. హనఫీ సంప్రదాయంలో నీడ రెట్టింపు అయ్యేదాకా ఆగుతారు. ఏ లెక్కన చూసినా అస్ర్ వేళకు ఎండ కోర చాలావరకు విరిగి ఉంటుంది.

అమలాపురం భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 16.5 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. అందువల్ల మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరొకసారి సూర్యుడు మధ్యాహ్నం సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. ఆ రోజుల్లో ఉదయం సుమారు 9 గంటల నుంచి మధ్యాహ్నం సుమారు 3 గంటల వరకు మన నీడ మనకంటే పొట్టిగానే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే యూవీ సూచిక 3కు చేరితే రక్షణ అవసరమని, 11 దాటితే అత్యంత తీవ్రమని అర్థం. ఆకాశం నిర్మలంగా ఉన్న వేసవి మధ్యాహ్నాల్లో ఉష్ణమండల ప్రాంతాల్లో అది 11 దాటడం మామూలే.

ఈ లెక్కలో మనం గమనించని విషయం ఒకటుంది. మే నెల ఎండకు అందరం భయపడతాం. ఆగస్టులో మాత్రం మబ్బు పట్టిందని నిశ్చింతగా ఉంటాం. సార్వా నాట్లు, కలుపు తీతల కాలంలోనే సూర్యుడు రెండవసారి నడినెత్తికి వస్తున్నాడు. పల్చని మబ్బు వేడిని తగ్గించినంతగా ఈ కిరణాలను తగ్గించదు. చల్లగాలి వీస్తున్నది కనుక ఎండ లేదనుకోవడం పొరపాటు.

నీడ విషయంలోనూ జాగ్రత్త వహించాలి. మామిడి చెట్టు నీడ చిక్కనిది. కొబ్బరి తోట నీడ చిల్లుల నీడ. ఆకుల సందుల నుంచి ఎండ పడుతూనే ఉంటుంది, తెరిపిగా ఉన్న ఆకాశం నుంచి చెదిరిన కిరణాలు కూడా వస్తూనే ఉంటాయి. అంతర్వేది, ఓడలరేవు తీరాల్లో పైనుంచి పడే ఎండతో పాటు కింది నుంచి ఎగిసే ఎండ కూడా ఉంటుంది. పొడి ఇసుక అతినీలలోహిత కిరణాలలో సుమారు 15 శాతాన్ని, సముద్రపు నురుగు సుమారు 25 శాతాన్ని తిరిగి పైకి విసురుతాయి. గొడుగు వేసుకున్నా ముఖం కమలడం అందుకే.

మొదట బట్ట, తరువాత పూత

సన్‌స్క్రీన్ అమ్మేవారు చెప్పని మాట ఒకటి చెప్పుకోవాలి. ఎండకు మొదటి కవచం బట్టే. దగ్గరి నేత గల నిండు చేతుల చొక్కా ఉదయం వేసుకుంటే సాయంత్రం దాకా కాపాడుతుంది. రెండు గంటలకోసారి మళ్ళీ వేసుకోనక్కరలేదు. నాట్లకు వెళ్ళే మన స్త్రీలు చీర మీద భర్త పాత చొక్కా తొడుక్కుని, తలకు తువ్వాలు చుట్టుకోవడం ఏ వైద్యుడూ నేర్పని మంచి వైద్యం. దానికి వెడల్పాటి అంచున్న టోపీ తోడైతే మెడకు, చెవులకు కూడా రక్షణ దొరుకుతుంది. వేటకు వెళ్ళే మత్స్యకారులకు, చెరువుల వద్ద పనిచేసేవారికి యూవీ రక్షణ గల నల్లద్దాలు కళ్ళకు మేలు చేస్తాయి.

ఖర్చు లెక్క చూసినా ఇదే సబబు. ఒళ్ళంతా ఒకసారి సరిగా పూయాలంటే సుమారు 30 మిల్లీలీటర్ల సన్‌స్క్రీన్ కావాలి. అంటే 50 గ్రాముల ట్యూబు రెండు పూటలకు చాలదు. కూలి డబ్బుతో నడిచే ఇంట్లో అది అయ్యే పని కాదు. బట్ట కప్పగలిగినదంతా బట్టతో కప్పి, మిగిలిన ముఖానికి, మెడకు, చేతుల పైభాగానికి, పాదాలకు మాత్రమే పూత వాడాలి. అప్పుడది అందరికీ అందుబాటులోకి వస్తుంది.

కొబ్బరి నూనె గురించి కూడా ఒక మాట. అది చర్మాన్ని మెత్తబరుస్తుంది, పగుళ్ళను మాన్పుతుంది. ఎండను ఆపే శక్తి మాత్రం దానికి స్వల్పం. నూనె రాసుకుని ఎండలోకి వెళ్ళి, రక్షణ ఉన్నదనుకోవద్దు. నిమ్మరసం సంగతి మరీ ప్రమాదకరం. అందులోని కొన్ని పదార్థాలు ఎండ తగిలినప్పుడు చర్మాన్ని బొబ్బలెక్కించి, నెలల తరబడి పోని నల్లమచ్చలను మిగులుస్తాయి. ముఖానికి నిమ్మరసం పట్టించి ఎండలోకి వెళ్ళడం ఎంతమాత్రం తగదు.

ఎంత పూయాలి? ఎప్పుడు పూయాలి?

ట్యూబు మీద ముందుగా చూడవలసినది ఎస్‌పీఎఫ్ సంఖ్య. ఇది యూవీబీ నుంచి దొరికే రక్షణను తెలుపుతుంది. ఎస్‌పీఎఫ్ 30 సుమారు 97 శాతాన్ని, ఎస్‌పీఎఫ్ 50 సుమారు 98 శాతాన్ని ఆపుతాయి. రెండింటి మధ్య తేడా ధరలో ఉన్నంతగా రక్షణలో లేదు. 30 ఉన్నది సరిగా వాడితే మనకు చాలు. రెండవది యూవీఏ రక్షణ. జపాన్‌లో పుట్టిన పద్ధతి ప్రకారం దీన్ని పీఏ అని రాసి పక్కన ప్లస్ గుర్తులు వేస్తారు. మూడు ప్లస్‌లు గాని, అంతకు మించి గాని ఉన్నది ఎంచుకోండి. తయారీ లైసెన్సు సంఖ్య, గడువు తేదీ తప్పక చూడండి.

ఈ సంఖ్యలన్నీ ప్రయోగశాలలో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున దట్టంగా పూసి కొలిచినవి. మనం బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతా సాగదీస్తాం. అలా చేస్తే ట్యూబు మీద 50 అని ఉన్నా మనకు దక్కేది అందులో చిన్న భాగమే. దీనికి సులభమైన కొలత ఒకటుంది. చూపుడు వేలు, మధ్య వేలు బారునా రెండు గీతలుగా సన్‌స్క్రీన్ తీసుకోవాలి. ముఖానికి, మెడకు అంత అవసరం. అది దాదాపు ఒక గ్రాము. రోజుకు రెండుసార్లు పూస్తే 50 గ్రాముల ట్యూబు 25 రోజుల్లో అయిపోవాలి. మీ ఇంట్లో అదే ట్యూబు మూడు నెలలు వస్తున్నదంటే మీరు పొదుపు చేస్తున్నట్లు కాదు, రక్షణ లేకుండా డబ్బు ఖర్చు చేస్తున్నట్లు.

బయటికి వెళ్ళడానికి 15, 20 నిమిషాల ముందు పూసుకోవాలి. చెవులు, మెడ వెనుక భాగం, పాదాల పైభాగం మరువరాదు. ఎండలోనే ఉంటే రెండు గంటలకొకసారి, చెమటతో తడిసినా, నీటిలో దిగినా వెంటనే మళ్ళీ పూయాలి. నీటికి ఓర్చే రకమని రాసి ఉన్నా అది తట్టుకునేది 40 నుంచి 80 నిమిషాలే. జిడ్డు చర్మం వారికి జెల్ రకాలు, తేలికగా దురద పెట్టే చర్మం వారికి జింక్ ఆక్సైడ్ ఉన్నవి నప్పుతాయి. ఆరు నెలల లోపు పసివారికి పూయవద్దు. వారిని నీడలో, బట్ట చాటున ఉంచడమే సరైనది.

వుజూ, పరదా, హజ్

సన్‌స్క్రీన్‌తో వుజూ అవుతుందా అన్న సందేహం చాలామందికి ఉంది. నీరు చర్మానికి తగలకుండా అడ్డుపడే పొర ఉంటే దాన్ని తొలగించాలన్నది అందరికీ తెలిసిన నియమం. చర్మంలో ఇంకిపోయే పలుచని పూతకూ, పైన పేరుకుని నిలిచే మందపు పూతకూ తేడా ఉంది. మందపు రకాలు వాడేవారు సబ్బుతో కడుక్కుని వుజూ చేయడం మేలు. ఇంకా సందేహం ఉంటే మీ ఊరి ఆలిమ్ గారిని అడగండి. ఆరోగ్యపరంగా చెప్పవలసినది మరొకటుంది. వుజూతో పూతలో కొంత ఎలాగూ పోతుంది. కనుక జుహ్ర్ నమాజు ముగించి మళ్ళీ ఎండలోకి వెళ్ళేవారు ముఖం తుడుచుకుని మరోసారి పూసుకోవాలి. మళ్ళీ పూయడం మరచిపోయేవారికి ఇదే మంచి గుర్తు.

పరదా పాటించే సోదరీమణులకు ఎండ కీడు తక్కువ. అయితే ఎండ మేలు కూడా తక్కువే. చర్మానికి యూవీబీ తగిలితేనే శరీరం విటమిన్ డి తయారు చేసుకుంటుంది. ఉదయపు లేత ఎండలో యూవీబీ స్వల్పం కనుక ఆ ఎండలో కూర్చోవడం మనం అనుకున్నంతగా ఉపకరించదు. చాటు ఉన్న పెరటిలోగాని, డాబా మీదగాని, మన నీడ పొట్టిగా ఉన్న వేళలో వారానికి రెండు మూడుసార్లు 15, 20 నిమిషాలు చేతులకు, కాళ్ళకు ఎండ తగలనివ్వండి. ముఖాన్ని మాత్రం కప్పుకోండి. చర్మం చురుక్కుమనేలోగానే లేవాలి. ఎముకల నొప్పులు, నీరసం వీడకపోతే వైద్యుని సలహాతో రక్తపరీక్ష చేయించుకోండి. వారానికొకటి వేసుకోవలసిన 60,000 యూనిట్ల మాత్రలను సొంతంగా రోజూ మింగడం ప్రాణాల మీదికి తెస్తుంది.

హజ్, ఉమ్రా యాత్రకు వెళ్ళేవారు ఇహ్రామ్ స్థితిలో సువాసన వాడరు కనుక సువాసన లేని సన్‌స్క్రీన్‌ను ఇక్కడే కొని వెంట తీసుకెళ్ళాలి. పురుషుల తల కప్పు లేకుండా ఉంటుంది. గొడుగు నీడ తీసుకోవచ్చు. 2024 హజ్ కాలంలో మక్కాలో ఉష్ణోగ్రత 51.8 డిగ్రీలకు చేరింది. ఆ సంవత్సరం 1,301 మంది యాత్రికులు మరణించారని, వారిలో అత్యధికులు అనుమతి లేకుండా వచ్చి, నీడా వసతీ లేకుండా ఎండలో చాలా దూరం నడిచినవారని సౌదీ ప్రభుత్వం ప్రకటించింది. ఇక్కడొకటి స్పష్టంగా గ్రహించాలి. సన్‌స్క్రీన్ చర్మాన్ని కాపాడుతుందే గాని వడదెబ్బను ఆపదు. వడదెబ్బకు మందు నీడ, నీరు, విశ్రాంతి.

మంగు మచ్చలు, మాయ క్రీములు

మన ప్రాంతపు స్త్రీలను ఎక్కువగా బాధించేది మంగు. గర్భిణీగా ఉన్నప్పుడు, హార్మోన్ మాత్రలు వాడుతున్నప్పుడు, వంశపారంపర్యంగా చెంపల మీద, నుదుట గోధుమరంగు మచ్చలు వస్తాయి. ఎండ వాటిని ముదురు చేస్తుంది. కంటికి కనిపించే వెలుగు కూడా వీటిని పెంచుతుంది కనుక ఐరన్ ఆక్సైడ్ కలిపిన, చర్మపు ఛాయలో ఉండే సన్‌స్క్రీన్ మంగు ఉన్నవారికి మరింత ఉపయోగం. ఎంత మంచి మందు వాడినా సన్‌స్క్రీన్ లేకపోతే మచ్చలు తిరిగి వస్తాయి.

ఇక్కడే చాలామంది దారి తప్పుతున్నారు. మందుల దుకాణంలో అడిగి కొన్న క్రీము వారంలోనే మచ్చను తేలిక చేస్తుంది. అందులో స్టిరాయిడ్ ఉన్నదని తెలియదు. నెలల తరబడి వాడితే చర్మం పలుచబడుతుంది, ఎర్రని నరాలు తేలుతాయి, మొటిమలు, ముఖం మీద వెంట్రుకలు వస్తాయి, ఎండలో అడుగు పెట్టగానే మంట పుడుతుంది. మానేస్తే ఇంకా మండుతుంది కనుక మానలేరు. ఈ దురవస్థను చూసే 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టిరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాని షెడ్యూల్ హెచ్ జాబితాలోకి తెచ్చింది. ఇప్పటికే వాడుతున్నవారు భయపడి ఒక్కసారిగా ఆపకుండా చర్మవైద్యుని చూపించుకోవాలి.

పేరూ ఊరూ లేని తెల్లబరిచే క్రీములతో ముప్పు చర్మంతో ఆగదు. కేరళలోని కొట్టక్కల్ వైద్యులు 2021 జూలై నుంచి 2023 సెప్టెంబరు వరకు ఒక రకం మూత్రపిండ వ్యాధితో వచ్చిన 22 మందిని పరిశీలించారు. వారిలో 15 మందికి ఆ వ్యాధిలోని అరుదైన రూపం కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది తెల్లబరిచే క్రీములు వాడినవారే. అటువంటి క్రీముల్లో కలిపే పాదరసం చర్మం గుండా రక్తంలో చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. గల్ఫ్ నుంచి వచ్చిన బంధువు ప్రేమగా ఇచ్చినా సరే, తయారీదారు పేరు, పదార్థాల జాబితా లేని క్రీమును ముఖానికి రాయకండి.

1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో తన పేరు మార్చుకుని గ్లో అండ్ లవ్లీ అయింది. డబ్బా మీద పేరు మారింది గాని పెళ్ళిచూపుల్లో మన చూపు మారలేదు. రంగును బట్టి ఎవరికీ ఎవరిపైనా ఆధిక్యం లేదని దైవప్రవక్త ముహమ్మద్ (స) అంతిమ హజ్ సందర్భంగా చాటిన సంగతి ప్రసంగాల్లో వింటూనే ఉంటాం. ఆ మాట మన ఇంటి గడప దాటి లోపలికి వచ్చిన రోజున ఈ క్రీముల అంగళ్ళు సగం మూతపడతాయి. ఆడపిల్ల ముఖాన స్టిరాయిడ్ మంట వెనుక ఆమె అజ్ఞానం కంటే ఆమెను రంగుతో తూచిన పెద్దల మాటలే ఎక్కువగా ఉంటాయి.

గల్ఫ్‌లో ఉన్న మనవారికి

రాజోలు, అమలాపురం పరిసరాల్లో గల్ఫ్‌లో మనిషి లేని వీధి అరుదు. వేసవి మధ్యాహ్నాల్లో ఆరుబయట పని చేయించరాదని అక్కడి ప్రభుత్వాల నియమం. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 వరకు ఉదయం 11 నుంచి సాయంత్రం 4 గంటల దాకా, ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా పని నిషేధం. సౌదీలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా, యూఏఈలో అవే తేదీల్లో 12.30 నుంచి 3 దాకా ఈ నియమం వర్తిస్తుంది. ఇది యజమాని దయ కాదు, కార్మికుని హక్కు. ఫోనులో మాట్లాడేటప్పుడు జీతం సంగతితో పాటు ఈ సంగతీ అడగండి. ఇంటి డ్రైవరుగా ఉన్నవారు పక్క అద్దాల నుంచి వచ్చే యూవీఏను గుర్తుంచుకుని ముఖానికి, స్టీరింగు పట్టే చేతులకు సన్‌స్క్రీన్ వాడాలి.

ట్యూబు ఎవరిది?

ఈ నెల ఇంటికి సన్‌స్క్రీన్ కొనే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: మన ఇంట్లో ఎండలో ఎక్కువసేపు నిలబడేది ఎవరు? ట్యూబును అద్దం ముందు నుంచి తీసి, వారు ఉదయాన్నే గొడుగో సంచో అందుకునే చోట పెట్టండి. మగవాళ్ళకు ఇవన్నీ ఎందుకని తండ్రి నవ్వితే మెడ వెనుక నల్లగా గరుకు తేలిన చర్మాన్ని చూపించండి. తల్లి వద్దంటే రెండు వేళ్ళ మీద గీతలు మీరే తీసి ఆమె చెంపలకు, మెడకు పూయండి. మనకు ఈ దేహం అమానతుగా దక్కింది. మన కోసం ఎండలో కమిలే దేహాన్ని ముందుగా కాపాడుకోవడం ఆ అమానతులో భాగమే.